ఎం.టీ.యూ. 1010 జన్యువును సవరించారంటే లోపల ఏం జరిగినట్టు?

ప్రశ్న: ఉప్పలగుప్తం మండలం నుంచి ఒక రైతు

అందరికీ నమస్కారమండి. మాది కోనసీమలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. మా పొలంలో కొంత భాగం ఉప్పు తగిలిన నేల. వేసవి ముందు గోదావరిలో నీరు తగ్గి, మురుగు కాలువల్లోకి పోటు నీరు ఎగదన్నినప్పుడు దాళ్వా చేలో ఆ తేడా కంటికి కనబడుతుంది. ఆకు కొసలు ముందు తెల్లబడి, తరవాత ఎండి చుట్టుకుపోతాయి, దుబ్బు సరిగా పిలక వేయదు, ఈనిన కంకిలో తాలు ఎక్కువగా ఉంటుంది. పక్క చేలు రొయ్యల చెరువులుగా మారిన తరవాత గట్టు వెంబడి మళ్ళలో ఈ బాధ ఇంకా పెరిగింది.

2025 మే నెలలో కేంద్ర ప్రభుత్వం జన్యు సవరణ చేసిన రెండు వరి రకాలను ప్రకటించింది. అందులో ఒకటి మన మారుటేరులో పుట్టిన ఎం.టీ.యూ. 1010, అంటే మనం కాటన్‌దొర సన్నాలు అని పిలుచుకునే రకం నుంచే తయారైందని, అది ఉప్పును, నీటి ఎద్దడిని తట్టుకుంటుందని పేపర్లో చదివాను. సొసైటీ దగ్గర ఈ మాట వచ్చినప్పుడు, అది బీటీ పత్తి లాంటిదేనని, అందులో పురుగు జన్యువు ఎక్కిస్తారని ఒకరు అన్నారు. స్వర్ణ సబ్1 కూడా అలా వచ్చిందేనని ఇంకొకరు అన్నారు. వనామీ రొయ్య కూడా జన్యువులు మార్చి పుట్టించిందేనని, అందుకే దానికి పీసీఆర్ పరీక్ష చేస్తారని మరొకరు చెప్పారు.

మా అమ్మాయి ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతోంది. తన పాఠంలో ఉన్న రెస్ట్రిక్షన్ ఎంజైములు, ప్లాస్మిడ్లు, లైగేజ్ అన్నీ నాకు చదివి వినిపించింది గాని, వాటికీ మేము చేలో వేసే విత్తనానికీ సంబంధం ఏమిటో తనకూ తెలియలేదు, నాకూ తెలియలేదు. జన్యువును ఎలా కోస్తారు, ఎలా అతికిస్తారు, మొక్కలోకి ఎలా పంపుతారు, పైన చెప్పినవన్నీ ఒకటేనా వేరువేరా అన్నది తెలిసినవారు ఓపికగా చెప్పాలని కోరుతున్నాను. ఆ విత్తనం వేసుకోవాలా వద్దా అన్నది తరవాతి మాట, ముందు అదేమిటో నాకు అర్థం కావాలి.

జవాబు: రాజమహేంద్రవరం, డిగ్రీ కళాశాలలో బయోటెక్నాలజీ అధ్యాపకురాలు

నమస్కారమండి. మీ అమ్మాయి పాఠం నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే 1010కి ఏం చేశారో తెలియాలంటే ఆ పనిముట్లు తెలిసి ఉండాలి.

ఏ ప్రాణికైనా దాని లక్షణాలకు ఆధారమైన సమాచారం డీఎన్ఏలో ఎ, టి, జి, సి అనే నాలుగు అక్షరాలతో ఉంటుంది. రెండు పోగుల్లో ఎ ఎదురుగా టి, జి ఎదురుగా సి నిలుస్తాయి. వరిలో 12 క్రోమోజోముల మీద కలిపి సుమారు 39 కోట్ల అక్షరాలున్నాయి. అందులో ఒక ప్రొటీన్ తయారీకి కావలసిన సూచన ఉన్న భాగాన్ని జన్యువు అంటాం. మూడేసి అక్షరాలను ఒక్కో అమైనో ఆమ్లంగా చదివే పద్ధతి బ్యాక్టీరియాలోనూ, వరిలోనూ, మనిషిలోనూ దాదాపు ఒకటే కావడం వల్లనే జన్యు ఇంజనీరింగ్ సాధ్యమైంది. మనిషి ఇన్సులిన్‌కు చెందిన సూచనను బ్యాక్టీరియాకు ఇస్తే అది మనిషి ఇన్సులిన్‌నే తయారు చేస్తుంది. అంతకుముందు మధుమేహం ఉన్నవారు పందుల, పశువుల క్లోమం నుంచి తీసిన ఇన్సులిన్ వాడేవారు. 1982లో అమెరికాలో అనుమతి పొందిన మానవ ఇన్సులిన్ ఈ.కోలై బ్యాక్టీరియాలో తయారైనది. హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ 1997లో విడుదల చేసిన హెపటైటిస్ బి టీకా కూడా ఇదే దారిలో వచ్చింది. ఈస్టు కణాలతో వైరస్ పైపొర ప్రొటీన్‌ను తయారు చేయించి దాన్ని టీకాగా ఇచ్చారు.

ఇక కోయడం సంగతి. రెస్ట్రిక్షన్ ఎంజైములను మనం కనిపెట్టి తయారు చేయలేదు. తమ మీద దాడి చేసే వైరస్‌ల డీఎన్ఏను తుంచివేయడానికి బ్యాక్టీరియాలు పెట్టుకున్న ఏర్పాటు అది. తమ సొంత డీఎన్ఏలో ఆయా చోట్ల మిథైల్ అనే రసాయన గుర్తు పెట్టుకుని దానికి కోత పడకుండా అవి కాపాడుకుంటాయి. ఒక్కో ఎంజైమ్ ఒక్కో అక్షరాల వరుసను మాత్రమే గుర్తుపడుతుంది. ఉదాహరణకు ఎకో ఆర్ వన్ అనే ఎంజైమ్ జి-ఎ-ఎ-టి-టి-సి అన్న వరుస ఎక్కడ కనబడితే అక్కడ జి తరవాత కోస్తుంది. రెండు పోగులనూ సరిగ్గా ఎదురెదురుగా కాక కొంచెం ఎడంగా కోయడం వల్ల ఎ-ఎ-టి-టి అనే ఒంటిపోగు కొస బయటికి మిగులుతుంది. వేరే జీవి డీఎన్ఏను అదే ఎంజైమ్‌తో కోసినా అదే కొస వస్తుంది కాబట్టి ఆ రెండూ ఒకదానితో ఒకటి జతకూడతాయి. ఈ ఎంజైముల మీద చేసిన కృషికి వెర్నర్ ఆర్బర్, డేనియల్ నాథన్స్, హామిల్టన్ స్మిత్‌లకు 1978లో నోబెల్ బహుమతి వచ్చింది.

కొసలు జతకూడినంత మాత్రాన అతుకు పడదు. తెగిన బంధాన్ని తిరిగి కలిపేది లైగేజ్. ప్రయోగశాలలో ఎక్కువగా వాడే టీ4 లైగేజ్‌కు ఆ పనికి కావలసిన శక్తి, కణాల్లో శక్తిని మోసే ఏటీపీ అనే అణువు నుంచి వస్తుంది. 1929లో కండరాల నుంచి ఏటీపీని వేరు చేసి చూపినవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. లైగేజ్ పాఠం చెప్పేటప్పుడు ఈ సంగతి మా పిల్లలకు తప్పకుండా చెబుతాను. మన జిల్లాల పిల్లలు అది తెలుసుకుని ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

అతికించిన ముక్క కణంలో నిలిచి, కణంతోపాటు పెరగాలంటే దానికి వాహకం కావాలి. బ్యాక్టీరియాల్లో ప్రధాన క్రోమోజోముతో సంబంధం లేకుండా తనంతట తాను ప్రతులు తీసుకునే గుండ్రని చిన్న డీఎన్ఏను ప్లాస్మిడ్ అంటారు. 1973లో స్టాన్లీ కోహెన్, హెర్బర్ట్ బోయర్ బృందాలు ఇలాంటి ప్లాస్మిడ్‌లోకి వేరే డీఎన్ఏ ముక్కను అతికించి ఈ.కోలైలో నిలబెట్టాయి. మీ అమ్మాయి పుస్తకంలో ఉండే పీబీఆర్322 అన్నది 4,361 అక్షరాల జతలున్న ప్లాస్మిడ్. అందులో ఆంపిసిలిన్‌ను తట్టుకునే జన్యువు ఒకటి, టెట్రాసైక్లిన్‌ను తట్టుకునే జన్యువు ఒకటి ఉంటాయి. ఇవి ఎందుకో పిల్లలకు చప్పున తెలియదు. బ్యాక్టీరియాను చల్లని కాల్షియం క్లోరైడ్‌లో ఉంచి, క్షణాల పాటు 42 డిగ్రీల వేడి చూపించి ప్లాస్మిడ్‌ను లోపలికి పంపుతాం గాని, కోట్ల కణాల్లో దాన్ని తీసుకునేవి బహు కొద్ది. తీసుకున్నవాటిని కంటితో గుర్తుపట్టలేం. అందుకని మనకు కావలసిన జన్యువును టెట్రాసైక్లిన్ జన్యువు మధ్యలో అతికిస్తాం. ఆంపిసిలిన్ ఉన్న పళ్ళెంలో బతికి, టెట్రాసైక్లిన్ ఉన్న పళ్ళెంలో చనిపోయిన కణం ఏదో అదే మన ముక్కను మోస్తున్న కణం.

ఇక్కడ పాఠాల్లో ఒక్క వాక్యంతో దాటిపోయే సంగతి ఒకటి ఉంది. మనిషి జన్యువును ఉన్నదున్నట్టు తీసి బ్యాక్టీరియాలో పెడితే సాధారణంగా పనిచేయదు. మన జన్యువుల మధ్యలో ప్రొటీన్‌కు పనికిరాని భాగాలుంటాయి, వాటిని తీసివేసే ఏర్పాటు బ్యాక్టీరియాలో లేదు. అందుకే ఆ భాగాలు అప్పటికే తొలగిపోయిన ఆర్ఎన్ఏను, అంటే జన్యువు నుంచి కణం తీసుకున్న నకలును తీసుకుని, రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అనే ఎంజైమ్‌తో తిరిగి డీఎన్ఏగా రాయిస్తారు, లేదా కావలసిన అక్షరాలను రసాయనికంగా కూర్చుతారు. ఆ జన్యువుకు ముందు భాగంలో, దాని పని మొదలుపెట్టించే ప్రమోటర్ అనే డీఎన్ఏ ముక్క కూడా ఆ కణం గుర్తించేది ఉండాలి, లేకపోతే జన్యువు ఉన్నా పని మొదలవదు.

మొక్కల్లోకి పంపే పని ఎక్కువగా ఆగ్రోబ్యాక్టీరియం అనే నేల బ్యాక్టీరియా చేస్తుంది. అది సహజంగానే తన టీఐ ప్లాస్మిడ్‌లోని ఒక ముక్కను మొక్క క్రోమోజోములోకి చేర్చి కాండం మీద కణితి పుట్టిస్తుంది. కణితి పుట్టించే జన్యువులను తీసివేసి, ఆ స్థానంలో మనకు కావలసినవి పెడితే వాటిని తీసుకెళ్ళి మొక్కలో చేరుస్తుంది. వరి విషయంలో ఈ పని గింజతోనే మొదలవుతుంది. పొట్టు తీసిన గింజను శుభ్రం చేసి, 2,4-డి కలిపిన అగార్ అనే పోషక జెల్లీ మీద ఉంచుతారు. మనం చేలో వెడల్పాకు కలుపు మీద కొట్టే 2,4-డి అదే. అతి తక్కువ మోతాదులో అది గింజలోని పిండం దగ్గర కణాలను ఆకూ వేరూ లేని లేత పసుపు రంగు ముద్దగా పెంచుతుంది, దాన్ని క్యాలస్ అంటారు. ఆ క్యాలస్‌ను ఆగ్రోబ్యాక్టీరియం ఉన్న ద్రవంలో ముంచి, కొన్ని రోజుల తరవాత బ్యాక్టీరియాను మందుతో చంపి, జన్యువు చేరని కణాలను చంపే హైగ్రోమైసిన్ అనే మందు ఉన్న అగార్ మీదికి మారుస్తారు. మనకు కావలసిన జన్యువుతోపాటు ఆ మందును తట్టుకునే జన్యువును కూడా పంపి ఉంటారు కాబట్టి, అది చేరిన కణాలే బతుకుతాయి. చాలా భాగం గోధుమ రంగుకు తిరిగి చనిపోతుంది. అక్కడక్కడ తెల్లగా కొత్త బుడిపె లేస్తుంది. ఆ బుడిపెలను హార్మోన్ల మోతాదు మార్చిన మరో పళ్ళెంలోకి తీస్తే ముందు ఆకుపచ్చ చుక్కలు, తరవాత మొలకలు, వేర్లు వస్తాయి. జన్యువులు పూసిన బంగారు రేణువులను కణాల్లోకి వేగంగా కొట్టే జీన్ గన్ కూడా ఉంది గాని, వరికి ఇప్పుడు ఆగ్రోబ్యాక్టీరియమే ప్రధానం.

2002లో మన దేశంలో అనుమతి పొందిన బీటీ పత్తి ఇలా వచ్చిందే. అందులో ఉన్నది పురుగు జన్యువు కాదు. కాయతొలిచే పురుగు పేగును దెబ్బతీసే ప్రొటీన్‌ను ఇచ్చే క్రై1ఏసీ అనే జన్యువు, బాసిల్లస్ థురింజియెన్సిస్ అనే నేల బ్యాక్టీరియా నుంచి తీసుకున్నది. ఆ జన్యువు, దాని ప్రమోటర్, ఎంపిక కోసం పెట్టిన మందును తట్టుకునే జన్యువు, అన్నీ ఆ విత్తనంలో తరతరాలుగా ఉండిపోతాయి. నా ఉద్దేశంలో ఏ విత్తనం గురించి విన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఇదే: తయారీలో ఏ పనిముట్టు వాడారన్నది కాక, చివరికి గింజలో ఏం మిగిలి ఉంది? 1010 గురించి వరి తెలిసినవారు చెబితే బాగుంటుంది.

జవాబు: భీమవరం, ఆక్వా ల్యాబ్‌లో పీసీఆర్ విభాగంలో పనిచేస్తున్న వ్యక్తి

అన్నయ్య గారికి నమస్కారమండి. రొయ్య సంగతి నేను చెబుతాను. వనామీ జన్యువులు మార్చిన రొయ్య కాదు. లాటిన్ అమెరికా పసిఫిక్ తీరంలో సహజంగా ఉండే రొయ్య అది, మన దేశంలో దీని పెంపకానికి 2009లో అనుమతి వచ్చింది. హేచరీలకు వచ్చే తల్లి రొయ్యలను ఎస్‌పీఎఫ్ అంటారు. కొన్ని నిర్దిష్టమైన రోగకారకాలు లేవని నిర్ధారించిన వంశాల నుంచి, మంచి పెరుగుదల ఉన్నవాటిని తరం తరవాత తరం ఏరి పెంచినవి అని దాని అర్థం. పెద్ద గేదె కడుపున పుట్టిన దూడను ఏరి పెంచుకోవడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. రోగం లేకుండా వస్తుందే తప్ప రోగం రాకుండా ఉండదు. ఎస్‌పీఎఫ్ సీడు వేశాం, మరి వైట్ స్పాట్ అనే వైరస్ రోగం ఎందుకొచ్చిందని అడిగే రైతులకు ఈ తేడా చెప్పాల్సి వస్తూ ఉంటుంది.

పీసీఆర్ జన్యువులను మార్చదు, ఉన్నవాటిని చదువుతుంది. హేచరీ నుంచి ఆక్సిజన్ కవరులో వచ్చిన పిల్లల్లో నమూనా తీసుకుని, చిన్న ట్యూబులో ప్లాస్టిక్ రోకలితో నూరి, ద్రావకాలతో ప్రొటీన్లు, కొవ్వు తొలగించి డీఎన్ఏను వేరు చేస్తాం. అందులో రొయ్య డీఎన్ఏ ఎక్కువ. వైరస్ ఉంటే దానిది అతి స్వల్పం. ఆ స్వల్పాన్ని కోట్ల రెట్లు పెంచడమే పీసీఆర్. సుమారు 94 డిగ్రీల దగ్గర రెండు పోగులు విడిపోతాయి, 55 డిగ్రీల ప్రాంతంలో వైరస్ వరుసకు మాత్రమే సరిపోయే చిన్న ప్రైమర్లు అంటుకుంటాయి, 72 డిగ్రీల దగ్గర ట్యాక్ పాలిమరేజ్ అనే ఎంజైమ్ కొత్త పోగును అల్లుతుంది. ప్రతి చక్రానికీ సంఖ్య రెట్టింపు అవుతుంది కాబట్టి, అంతా సక్రమంగా సాగితే 30 చక్రాలకు ఒక్క ప్రతి నూరు కోట్లు దాటుతుంది. ఈ పద్ధతికి 1993లో నోబెల్ పొందిన కేరీ ముల్లిస్‌కు 1983లో ఆలోచన వచ్చింది గాని, అది రోజువారీ పరీక్షగా నిలబడింది ట్యాక్ వల్లనే. అమెరికాలోని ఎల్లోస్టోన్ వేడినీటి బుగ్గల్లో దొరికిన బ్యాక్టీరియా ఎంజైమ్ కావడంతో అది 94 డిగ్రీలకు చెడిపోదు. ఇప్పుడు మాకు వచ్చే ట్యాక్‌ను ఎక్కువగా ఆ జన్యువు పెట్టిన ఈ.కోలైలోనే తయారు చేస్తారు, అంటే పైన మేడమ్ గారు చెప్పిన పనే ఇక్కడ మాకు సరుకుగా వస్తోంది.

పాత పద్ధతిలో ఫలితాన్ని అగరోజ్ జెల్ మీద చూస్తాం. డీఎన్ఏకు రుణావేశం ఉంటుంది కాబట్టి కరెంటు పెడితే ధన ధ్రువం వైపు కదులుతుంది, చిన్న ముక్కలు ముందుకు, పెద్దవి వెనక. చీకటి పెట్టెలో అతినీలలోహిత కాంతి కింద, డీఎన్ఏకు అంటుకునే రంగు కలిపిన ఆ జెల్‌ను పెడితే ముక్కలు వెలుగుతున్న గీతలుగా కనిపిస్తాయి. వైట్ స్పాట్‌కు రెండు దశల పీసీఆర్ చేసినప్పుడు రెండో దశలో 941 అక్షరాల దగ్గర గీత పడితే పాజిటివ్. పక్కన వైరస్ ఉన్నదని తెలిసిన నమూనాలో అక్కడే గీత రావాలి, నీళ్ళు మాత్రమే వేసిన గుంటలో ఏమీ రాకూడదు. ఆ రెండూ సరిగా లేకపోతే మిగిలిన గీతలను నమ్మకూడదు.

రైతులకు మరో మాట చెప్పాలి. నెగటివ్ రిపోర్టు మేము చూసిన పిల్లలకే వర్తిస్తుంది. ట్యాంకులో నూటికి రెండు పిల్లలకు వైరస్ ఉందనుకుంటే, నూటికి 95 వంతుల నమ్మకంతో దాన్ని పట్టుకోవడానికి దాదాపు 150 పిల్లలు నమూనాలో ఉండాలి. నాలుగు పిల్లలను కవరులో తెచ్చి రిపోర్టు అడిగితే ఆ కాగితానికి విలువ లేదు.

జవాబు: పెనుగొండ, వరి వంగడాల అభివృద్ధిలో పనిచేసి రిటైరైన శాస్త్రవేత్త

ఇద్దరూ వివరంగా చెప్పారు. వరి మాట నేను చెబుతాను.

స్వర్ణ సబ్1 జన్యుమార్పిడి మొక్క కాదు. మన స్వర్ణ, అంటే ఎం.టీ.యూ. 7029, వశిష్ఠ, మసూరి రకాల సంకరం నుంచి మారుటేరులో వచ్చింది. దిగుబడిలో దానికి పేరుంది గాని వరదలో మునిగితే నిలవదు. మునిగిన మామూలు వరి నీటి పైకి రావాలని సాగుతూ, ఉన్న పిండిపదార్థమంతా ఖర్చు చేసుకుని, నీరు తీసేసరికి పడిపోతుంది. ఒడిశాకు చెందిన ఎఫ్ఆర్13ఎ అనే రకంలోని సబ్1ఎ జన్యువు ఆ సాగుదలను ఆపి, మొక్క శక్తిని దాచిపెడుతుంది, అందువల్ల రెండు వారాల వరకు మునిగినా తిరిగి చిగురిస్తుంది. ఆ జన్యువును 2006లో గుర్తించి ప్రకటించారు. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారు ఎఫ్ఆర్13ఎ నుంచి వచ్చిన గుణాన్ని పుప్పొడి సంకరంతోనే స్వర్ణలోకి తెచ్చి, మళ్ళీ మళ్ళీ స్వర్ణతోనే సంకరం చేసి, ప్రతి తరంలోనూ సబ్1 ఉన్న మొక్కలను, మిగతా అంతా స్వర్ణలా ఉన్న మొక్కలను పీసీఆర్‌తో ఏరారు. పొలంలో ముంచి చూసి ఏరితే ఏళ్ళు పట్టే పనిని ఆకు ముక్కతో ముగించారు. మన దేశంలో అది 2009లో విడుదలైంది. హైదరాబాదులోని సీసీఎంబీ, వరి పరిశోధన సంచాలకాలయం కలిసి ఎండాకు తెగులును తట్టుకునేలా చేసిన మెరుగుపరచిన సాంబ మసూరి కూడా ఈ పద్ధతిలోదే. అందులో మూడు జన్యువులను ఇలాగే కూర్చారు.

ఇప్పుడు మీ 1010. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ దానిలో డీఎస్‌టీ అనే జన్యువును సవరించి పూసా డీఎస్‌టీ రైస్ 1 అని పేరు పెట్టింది. రెండోది హైదరాబాదులోని భారత వరి పరిశోధన సంస్థ సాంబ మసూరి నుంచి చేసిన డీఆర్ఆర్ ధాన్ 100, దీనినే కమల అంటున్నారు. అందులో గింజల సంఖ్యను తగ్గించే సీకేఎక్స్2 అనే జన్యువును సవరించారు.

పని చేసింది క్రిస్పర్ కాస్9. ఇది కూడా బ్యాక్టీరియా వైరస్ మీద వాడే ఆయుధమే. 2012లో దీన్ని కోరిన చోట కోసే పనిముట్టుగా మలచినందుకు ఎమ్మాన్యుయెల్ షార్పెంటియర్, జెన్నిఫర్ డౌడ్నాలకు 2020లో నోబెల్ వచ్చింది. మేడమ్ గారు చెప్పిన ఎకో ఆర్ వన్ ఆరు అక్షరాలనే చూస్తుంది. నాలుగు అక్షరాల్లో ఆరింటి వరుస యాదృచ్ఛికంగా 4,096 అక్షరాలకు ఒకసారి వస్తుంది కాబట్టి, వరి డీఎన్ఏ మీద దాన్ని వదిలితే దాదాపు లక్ష చోట్ల కోస్తుంది. ట్యూబులో ముక్కలు చేయడానికి అది పనికొస్తుంది గాని బతికున్న మొక్కలో ఒక్క జన్యువును సవరించడానికి పనికిరాదు. కాస్9కు తోడుగా 20 అక్షరాల ఆర్ఎన్ఏను ఇస్తారు. అంత పొడవైన వరుస యాదృచ్ఛికంగా మళ్ళీ రావాలంటే లక్ష కోట్ల అక్షరాలు కావాలి, వరిలో ఉన్నవి 39 కోట్లే. దాదాపు అదే వరుస ఉన్న చోట్ల పొరపాటు కోత పడే అవకాశం మాత్రం ఉంది, దాన్ని వెతికి చూడవలసిందే.

కాస్9 కోసి ఊరుకుంటుంది. అతికేది మొక్క సొంత మరమ్మతు వ్యవస్థ. అది తొందరలో అతికేటప్పుడు కొన్ని అక్షరాలు పోతాయి, లేదా చేరతాయి, దానితో ఆ జన్యువు పని ఆగుతుంది. డీఎస్‌టీ విషయంలో పని ఆగడమే మనకు మేలు. ఆకు రంధ్రాలు ఎక్కువ తెరుచుకుని ఉండటానికి దోహదం చేసే ప్రొటీన్‌ను ఆ జన్యువు ఇస్తుంది. అది పనిచేయకపోతే రంధ్రాలు బిగుసుకుంటాయి, ఆకు నుంచి ఆవిరైపోయే నీరు తగ్గుతుంది, వేర్లు లాగే నీరు తగ్గుతుంది, నీటితో వచ్చే ఉప్పూ తగ్గుతుంది.

అయితే కాస్9 జన్యువును మొక్కలోకి ఎలా తెస్తారన్నది మీరు అడగవలసిన మాట. సాధారణంగా ఆగ్రోబ్యాక్టీరియంతోనే తెస్తారు. అంటే మొదటి తరం మొక్కలో పరాయి డీఎన్ఏ ఉంటుంది. కోత పడిన తరవాత ఆ మొక్కను తనలో తాను విత్తనం కట్టనిస్తే, పరాయి ముక్క ఒక్కచోటే చేరి ఉన్న పక్షంలో పిల్ల మొక్కల్లో నాలుగో వంతుకు ఆ ముక్క ఉండదు. వాటిలో సవరణ ఉండి కాస్9 లేనివాటిని పీసీఆర్‌తో ఏరి ముందుకు తీసుకెళ్తారు. మేడమ్ గారి ప్రశ్నకు ఇదీ జవాబు: చివరి గింజలో పరాయి జన్యువు మిగలదు, 1010 సొంత జన్యువు ఒకటి మారి ఉంటుంది.

స్పందన: రావులపాలెం దగ్గర ప్రకృతి సేద్యం చేస్తున్న రైతు

పెద్దలు చెప్పిన శాస్త్రంతో నాకు పేచీ లేదు, కానీ ఒక సంగతి మరిచిపోకూడదని నా మనవి. బీటీ వంకాయ వంటి పంటలు పర్యావరణ శాఖ కింద ఉన్న జెనెటిక్ ఇంజనీరింగ్ అప్రైజల్ కమిటీ ముందుకు వెళ్ళాలి. 2010లో దాన్ని ఆపగలిగారంటే ఆ ప్రక్రియ బహిరంగంగా జరగడం వల్లనే. 2022 మార్చిలో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, పరాయి డీఎన్ఏ లేని ఈ తరహా సవరణ మొక్కలకు జన్యుమార్పిడి జీవుల మీద 1989లో చేసిన నిబంధనల్లోని ముఖ్యమైన భాగాల నుంచి మినహాయింపు ఉంది. అంటే ఆ పరిశీలన ఇప్పుడు సంస్థలోని కమిటీల స్థాయిలోనే చాలా వరకు ముగుస్తుంది. పరాయి జన్యువు లేదన్న పరీక్షా ఫలితం, పొరపాటు కోతల కోసం వెతికిన వివరం, అన్ని చోట్లా అన్ని ఏళ్ళూ పండించిన దిగుబడి లెక్క రైతుల ముందు పెట్టాలి. క్రిస్పర్ మీద పేటెంట్లు ఉన్నాయి; ఆ భారం రేపు విత్తనం ధర మీద పడదని కూడా స్పష్టంగా రాసివ్వాలి. తెలంగాణలోనూ మన రాష్ట్రంలోనూ గులాబీ రంగు పురుగు బీటీకి అలవాటు పడ్డాక పత్తి రైతు పడిన బాధ మనకు తెలుసు. విత్తనం మంచిదే కావచ్చు, కాని వివరం అడిగే హక్కు మనది.

మళ్ళీ ప్రశ్న వేసిన రైతు

అందరికీ ధన్యవాదాలండి. మా అమ్మాయికి ఇదంతా చదివి వినిపించాను, 20 అక్షరాల లెక్క తనే వేసి చూసుకుంది. మరో రెండు సందేహాలు. ఆంపిసిలిన్, హైగ్రోమైసిన్ తట్టుకునే జన్యువు అన్నం ద్వారా మనకు చేరి మందులు పనిచేయకుండా పోతాయా? మా చేలో పండినది మళ్ళీ విత్తనంగా ఉంచుకోవచ్చా, పక్క చేలో 1010తో కలిసిపోతుందా?

జవాబు: బయోటెక్నాలజీ అధ్యాపకురాలు

ఆంపిసిలిన్ జన్యువు బ్యాక్టీరియాలో ప్లాస్మిడ్‌ను పెంచేటప్పటి పనిముట్టు. హైగ్రోమైసిన్ జన్యువు కాస్9తోపాటు ఒకే ముక్కలో మొక్కలో చేరుతుంది కాబట్టి, ఆ ముక్క లేని మొక్కలను ఏరినప్పుడు అదీ పోతుంది. పోయిందని పీసీఆర్‌తో చూపించాలి. రావులపాలెం రైతు గారు అడిగిన వివరాల్లో నా మటుకు అన్నిటికన్నా ముఖ్యం ఇదే, దాన్ని బయటపెట్టడం సంస్థలకు కష్టమైన పని కూడా కాదు. బీటీ పత్తి విషయంలో మాత్రం ఎంపిక కోసం పెట్టిన, మందును తట్టుకునే జన్యువు మొక్కలో ఉండిపోయింది. తిన్న డీఎన్ఏ జీర్ణాశయంలో ముక్కలవుతుంది, అలాంటి ముక్క బ్యాక్టీరియాలోకి చేరి పనిచేయడం బహు అరుదు. అయినా అవసరం తీరిన గుర్తు జన్యువును మొక్కలో ఉంచకపోవడమే మంచి పద్ధతి.

జవాబు: రిటైరైన శాస్త్రవేత్త

విత్తనం దాచుకోవచ్చు. ఇది సంకర విత్తనం కాదు, 1010 లాగే స్థిరపడిన రకం. రక్షణ పొందిన రకమైనా సరే, పండిన దాన్ని దాచుకుని, విత్తుకుని, ఇచ్చిపుచ్చుకునే హక్కు 2001 నాటి మొక్కల రకాల రక్షణ, రైతుల హక్కుల చట్టం రైతుకు ఇచ్చింది, బ్రాండు పేరుతో అమ్మడం మాత్రం కూడదు. వరి స్వపరాగ సంపర్కం ఉన్న పంట కాబట్టి పక్క చేలోకి పుప్పొడి వెళ్ళి గింజ కట్టడం సాధారణంగా నూటికి ఒకటి లోపే. కోత యంత్రంలో, కళ్ళంలో, సంచుల్లో కలిసేదే ఎక్కువ.

ఒక జాగ్రత్త చెప్పాలి. పేరు బయటికి వచ్చింది కాబట్టి మామూలు 1010ని కొత్త పేరు రాసిన సంచుల్లో అమ్మేవారు తయారవుతారు. చూపులో తేడా పట్టుకోవడం కష్టం. భీమవరం తమ్ముడు చేసే పరీక్షే ఇక్కడ కావాలి, అదీ సవరించిన చోటి అక్షరాల వరుస తెలిసి దానికి ప్రైమర్లు తయారు చేసుకున్నప్పుడే పనికొస్తుంది. అందుకని ధ్రువీకరణ చీటీ ఉన్న విత్తనం అధికారికంగా అందే వరకు ఆగండి.

ఈలోగా గట్టు వెంబడి మడిలోనూ లోపలి మడిలోనూ విడివిడిగా మట్టి తీసి, లవణ సాంద్రత పరీక్ష చేయించండి. మట్టి సారపు ఈసీ, అంటే ఉప్పు ఎంతుందో చెప్పే విద్యుత్ వాహకత, మీటరుకు 4 డెసీసీమెన్లు దాటితే దాన్ని ఉప్పు నేలగా లెక్కిస్తారు, వరి దిగుబడి అంతకు ముందే, 3 దాటగానే, తగ్గడం మొదలవుతుంది. విత్తనం అందిన పంటలో అదే రోజు నారు పోసిన మామూలు 1010ని రెండు మళ్ళలోనూ దాని పక్కనే ఊడ్చండి. నారు దశలో ఒకసారి, పూత దశలో ఒకసారి మడిలో నీటి ఉప్పును కొలవండి, ఎందుకంటే వరి ఉప్పుకు బాగా లొంగేది ఆ రెండు దశల్లోనే. కోతకు రెండు రకాల నుంచీ దుబ్బులు తీసి గట్టి గింజలు, తాలు విడిగా లెక్కపెట్టండి. గట్టు మడిలో తేడా ఉండి లోపలి మడిలో లేకపోతే ఆ రకం చెప్పిన పని చేస్తున్నట్టు. రెండు మళ్ళలోనూ తేడా లేకపోతే మీ నేలకు అది అవసరం లేదు.

మళ్ళీ ప్రశ్న వేసిన రైతు

అలాగేనండి. దాళ్వా కోతలు అయ్యాక మట్టి తీయిస్తాను. గట్టు మడిలో ఏ లోతు నుంచి తీయాలో, ఒక్కో మడికి ఎన్ని చోట్ల తీసి కలపాలో చెప్పగలరు.

జవాబు: రిటైరైన శాస్త్రవేత్త

పైన చెత్త తీసివేసి, అంగుళాల్లో అయితే ఆరు వరకు, వి ఆకారంలో గుంట తీసి దాని పక్క పొరను తీసుకోండి. ఒక్కో మడిలో ఎనిమిది నుంచి పది చోట్ల తీసి కలిపి, నీడలో ఆరబెట్టి, అర కిలో ఉంచండి. గట్టు పక్కన తీసినది లోపలి మట్టితో కలపవద్దు. ఉప్పు పైకి తేలి తెల్లగా కనిపించే చోటు ఉంటే ఆ మట్టిని మూడో సంచిలో వేరుగా పంపండి.